తగినంత

ఆశ్రమంలో వంటింటికి మాకు తలుపు లేదు, కిటికీ ఉండేది.
అందులోంచి ఒక చెయ్యి, చేతిలో గరిటె.
పద్దెనిమిదేళ్ళపాటు
ఆ చేతికో మొహం కూడా ఉంటుందని నాకు తోచలేదు.

ఇప్పుడు కుతైసిలో, రియోనీ నది ఇవతలి గట్టున,
లిఫ్టు పనిచెయ్యని మేడలో ఐదో అంతస్తు నాది.
తాళంచెవి ఇచ్చినాయన కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు:
జ్వియాద్‌కి ఒక పొయ్యి, ఒక తపేలా, రెండు గిన్నెలు ముట్టినవి.

నీళ్ళు మరగడం ఆ రోజే మొదటిసారి చూశాను.
అడుగున చిన్న చిన్న బుడగలు,
ఎవరో ఏదో చెప్పబోయి మానుకుంటున్నట్టు.
తరవాత ఒక్కసారిగా అందరూ మాట్లాడేశారు.
గుడ్డు మాత్రం ఉడికానని చెప్పలేదు.
ఎదురుగా కూచునే ఉన్నాను,
నీళ్ళన్నీ ఇగిరిపోయి
అది టప్పున పేలేదాకా.

రెండో వారం ఎర్ర చిక్కుడు గింజలు.
సంతలో ఎన్ని కావాలంటే నోరు తిరగక
ఒక్క మనిషికని చెప్పలేక
రెండు కిలోలు అన్నాను.
మూడు గంటలు ఉడికించాక కూడా గులకరాళ్ళే.
అడుగంటింది, గదంతా పొగ.

కింది వాటా మాక్వాలా మెట్లెక్కి వచ్చింది,
తలకి రంగు సగం వేసుకుని, భుజాన తువ్వాలు.
"ఎవర్ని తగలెడుతున్నావురా?"
ఒక గింజ తీసి గోడకేసి కొట్టింది.
అది తిరిగొచ్చి ఆమె చెప్పులోనే పడింది.
"రాత్రి నానబెట్టలేదూ?"
నానబెట్టడమంటే ఏమిటని అడిగాను.
ఆమె నన్ను చాలాసేపు చూసింది.
రంగు చెవి మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు.

నీళ్ళు పోసి వదిలెయ్. పడుకో. అంతే, అంది.
నేను నిద్రపోతుంటే జరిగే పని!
ఎవరూ కాపలా లేకుండానే
గింజ తనంతట తాను మెత్తబడుతుందట.

పొద్దున ఉల్లిపాయలు, ధనియాల పొడి,
వెల్లుల్లితో కలిపి నూరిన వాల్‌నట్లు,
కొత్తిమీర కాడలతో సహా.
చెవి వెనక పెన్సిలు తీసి రాసుకున్నాను.
ఉప్పెంత?
తగినంత.
కారం?
తగినంత.
నీళ్ళు?
చెప్పాగా.

నేను పనిచేసే టైర్ల కొట్లో
గాలిక్కూడా అంకె ఉంటుంది.
ఆశ్రమంలో చారుకి గరిటె, స్నానానికి గంట,
రొట్టెకి అట్టముక్క కొలత; దానికంటే
వేలెడు మందం ఎక్కువొస్తే కోసేసేవాళ్ళు.
తగినంత అంటే ఎవరికి తగినంత?
ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని మాట
ఇప్పుడు ఉప్పుడబ్బా అడుగుతోంది.

కొంచెం వేసి నాలిక మీద చూశాను.
ఇంకొంచెం.
ఇంకా కొంచెం.
ఆగు.
ఆగమన్నది నేనే.

మొక్కజొన్న రొట్టె ఒక పక్క మాడింది, ఒక పక్క పచ్చి.
నడిమధ్య మాత్రం, ఒట్టు, రొట్టే.
రెండోసారి వడ్డించుకోబోతూ
అలవాటు చొప్పున తలెత్తి చూశాను, కిటికీ కోసం.
ముందున్నవాళ్ళు వదిలేసిన కాలెండరు తప్ప
గోడ మీద ఎవరూ లేరు.
అది మార్చి దగ్గరే ఆగిపోయింది.

ఒక గిన్నెడు మాక్వాలాకి పట్టుకెళ్ళాను.
గడపలోనే నించుని వేలితో నాకి చూసి
"ఉప్పు తక్కువ" అంది.
తలుపేసుకుంది.

నాకు సరిపోయింది. ఆమెకి తక్కువైంది.
ఒకే తపేలా మరి.
మెట్లెక్కుతూ దీని గురించి ఆలోచించి,
నాలుగో అంతస్తు దగ్గర నవ్వొచ్చి ఆగాను.

వారమైంది, గిన్నె తిరిగి రాలేదు.
అడగాలంటే మొహమాటం.
ఉన్న రెండోదాంట్లో గింజలు నానుతున్నాయి,
పొద్దుటికి పైకుబ్బి మూత ఎత్తేస్తాయి.
అంతవరకూ నేను
తపేలాలోంచే తింటున్నాను, పొయ్యి పక్కనే నించుని,
అడుగు గీకుతూ.